నలభై ఒకటో నంబరు తాని చెట్టు

సర్వీసులో ఉన్నంతకాలం నేను అడవి గురించి రాస్తూనే ఉన్నాను. రోజూ డైరీ రాయడం మా ఉద్యోగంలో భాగం. ఆ డైరీలన్నీ ఒకచోట పేరిస్తే మంచం ఎత్తు వస్తాయి. అందులో ముప్పాతిక వంతు ఒకటే మాట ఉంటుంది: ‘బీటు తిరిగితిని. విశేషాలు లేవు.’

ఇప్పుడు మీరంతా ఆదివారం తెల్లారేసరికి నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు దగ్గర చేరి, టీ తాగి, మెడలో బైనాక్యులర్లు వేలాడేసుకుని కొండలెక్కుతున్నారు. చూసిన ప్రతి పిట్టనీ పుస్తకంలో రాసుకుంటున్నారు. పోయిన వారం మీలో ఒకమ్మాయి “అంకుల్, అడవిలో నోట్సు ఎలా రాసుకోవాలో మాకు నేర్పండి” అంది. నాకు నవ్వాగలేదు. తల్లీ, ఎలా రాయకూడదో అడుగు, ఈ జిల్లాలో నాకంటే తెలిసినవాడు లేడు. ఆ సంగతే చెబుతాను. పేర్లు మాత్రం చెప్పను. అందరూ ఇంకా ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నారు, నేను సంతకెళ్ళాలా వద్దా?

నాది రోలుగుంట వైపు చెరకు పండించే ఇల్లు. పోలీసు ఉద్యోగానికి పరుగెత్తబోయి అటవీశాఖలో తేలాను. రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉందనగా జరిగింది ఇది. అప్పటికి నేను సెక్షన్ ఆఫీసర్ని. నా కింద ఉన్న బీట్ ఆఫీసరు ఇంచుమించు నా ఈడువాడే. మంచి మనిషి. భోజనం క్యారేజీ మూత తీసిన క్షణం నుంచి మళ్ళీ పెట్టేదాకా మాట్లాడతాడు, పెట్టాక నిద్రపోతాడు. అడవిలో ఏ పిట్ట కూసినా తిరిగి కూయగలనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం పిట్టలకు ఉన్నట్టు నాకెప్పుడూ కనబడలేదు.

ఆ ఏడాది మాకు కొత్త రేంజ్ ఆఫీసరు మేడమ్ వచ్చారు. మా అమ్మాయి వయసు. అప్పుడే మన్యం ఊళ్ళకు వెళ్ళే ఒక ఇరుకు రోడ్డును వెడల్పు చేయడానికి అనుమతి వచ్చింది. రోడ్డుకు అడ్డొచ్చే చెట్లను లెక్కపెట్టి పట్టిక తయారు చేయడం నా పని. నంబరు, జాతి, చుట్టుకొలత, ఎత్తు. ఇది నేను నిద్రలో కూడా చేయగలను. అయితే మేడమ్ ఆ పట్టికలో కొత్తగా ఒక గడి చేర్చారు: ‘చెట్టు మీద గూళ్ళు, తొర్రలు, తేనెపట్లు ఉన్నవా?’ ఆ గడి చూసి మేమిద్దరం చాటుగా ఎంత నవ్వుకున్నామో! కొట్టేసే చెట్టుకు జాతకం రాయమంటున్నారండీ అన్నాడు మా బీట్ ఆఫీసరు.

మార్చి నెల నడిమధ్య ఎండలో లెక్క మొదలుపెట్టాం. ఆయన టేపు చుట్టి కొలత అరుస్తాడు, నేను రాస్తాను. తర్వాత ఛాతీ ఎత్తున బెరడు కాస్త చెక్కి తెల్ల రంగుతో నంబరు వేస్తాం. కిందనుంచి మొదలుపెట్టి పైదాకా అరవై చెట్లు. నలభై ఒకటోది మలుపులో ఉన్న తాని చెట్టు. తానికాయ తెలుసుగా, దగ్గుకు మందులో వేస్తారు, ఆ చెట్టు. ఇద్దరం చేతులు చాచి పట్టుకున్నా అందనంత మాను. దాని మొదట్లో మా వాడు టేపు పట్టుకుని జారి కూలబడ్డాడు.

“ఎవడో ఇక్కడ గింజలారబోసాడు సార్!” అని లేచి పంట్లాం దులుపుకున్నాడు. నిజమే, కాళ్ళ కింద దోసెళ్ళకొద్దీ గింజలు. రకరకాలవి. కొన్ని మొలకెత్తాయి కూడా. నా టోపీ మీద కూడా పైనుంచి ఏదో పడింది. పండు తొక్క. నేను దాన్ని దులిపేసి, చుట్టుకొలత రాసుకుని, నంబరు వేయించాను. తల పైకెత్తితే నా సొమ్మేం పోయేది కాదు. ఎత్తలేదు.

సాయంత్రం కల్వర్టు మీద కూర్చుని పట్టిక పూర్తి చేశాను. మేడమ్ గారి కొత్త గడిలో, మొదటి చెట్టు ఎదురుగా ‘లేవు’ అని రాశాను. దాని కింద అడుగడుగునా, పై మాటే అని చెప్పే రెండేసి గీతలు, డిటో గుర్తులు. అరవయ్యో చెట్టు దాకా చకచకా పెట్టేసి, కింద నిండుగా సంతకం చేశాను. మా శాఖలో డిటోలు పెట్టడం ఒక కళ. నేను అందులో చెయ్యి తిరిగినవాణ్ణి.

నెల తిరక్కుండానే కంట్రాక్టరు మనుషులు కింది నుంచి చెట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఒక గురువారం నేను బండి మీద పని చూడ్డానికి వెళ్తుంటే, అదే కల్వర్టు మీద ఒకావిడ అడ్డాకుల మోపు దించుకుని కూర్చుంది. కొండమీది ఊరావిడ. ఆకులు కోసి, విస్తళ్ళు కుట్టి నర్సీపట్నం తెచ్చి అమ్ముతుంది. ఇరవై ఏళ్ళుగా ముఖపరిచయం.

“బాబూ, ఆ మలుపులో తాని సెట్టుకి నెంబరేసినారు. కొట్టేత్తారేటి?” అని అడిగింది.

“ఆఁ, కింద పన్నెండు అయ్యాయి. లారీలు తిరగడానికి ముందు ఆ మలుపు ఖాళీ చేస్తారట, సోమవారం దాని వంతు” అన్నాను.

“అదెలా కొట్టేత్తారు? లోపల పిట్ట తలుపేసుకునుంది కదా!”

“పిట్ట తలుపేసుకోవడమేమిటమ్మా?”

ఆవిడ నా ఖాకీ చొక్కా వంకా నా మొహం వంకా మార్చి మార్చి చూసింది. “ఏటి బాబూ, అడివి ఉద్యోగం సేత్తన్నావు, ముక్కుపిట్ట తలుపేసుకోడం నీకు తెల్దా? శివరాత్రెల్లిన వారంలో ఏసుకుంది. మా అమ్మ రోజుల్నించి ఆ తొర్రలోకే వత్తాది.”

ముక్కుపిట్ట అనగానే నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే నాకు తెలుసు. ముక్కు మీద ఇంకో పసుప్పచ్చ కొమ్ము ఉండే పెద్ద పిట్ట, హార్న్‌బిల్. ఆడపిట్ట చెట్టు తొర్రలో దూరి, వాకిలిని మట్టితో, తన రెట్టతో మూసేసుకుంటుంది. వేలెడు సందు మాత్రం వదులుతుంది. లోపలే గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని పెంచుతుంది. అన్నాళ్ళూ మగపిట్టే పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందించాలి. ట్రైనింగులో ఈ ప్రశ్నకు నేను రెండు పేజీల జవాబు రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆవిడ వెంట వెళ్ళి, ఈసారి తలెత్తి చూశాను. మూడు నిలువుల ఎత్తులో తొర్ర. దానికి బురద పూత. మధ్యలో నిలువు చీలిక. ఆ చీలికలోంచి ముక్కు కొస ఒకటి ఇలా కనబడి అలా లోపలికి పోయింది. చెట్టు మొదట్లో మేం తొక్కుతూ తిరిగిన గింజలన్నీ ఆ సందులోంచి ఆ ఆడపిట్టగారు విసిరేసినవే! ఛ, నా ఉద్యోగం పాడుగాను అనుకున్నాను. మామూలు మాటగా కాదు, నిజంగానే అనుకున్నాను.

కిందికి దిగొచ్చి బీట్ ఆఫీసరుకు ఫోన్ చేస్తే ఆయన వెంటనే ఉపాయం చెప్పాడు. “పిట్ట మనం లెక్క రాసీసాక వచ్చిందని సెప్పీద్దాం సార్. పిట్టకి సాక్షులెవలున్నారు?” వినడానికి బాగుంది. లిస్టు తప్పని ఒప్పుకుంటే మెమో వస్తుంది, రిటైర్మెంటు ముందు సర్వీసు పుస్తకంలో మరక. పిట్టే ఆలస్యంగా వచ్చిందంటే ఎవరికీ నష్టం లేదు. సాయంత్రం ఆఫీసుకెళ్ళి మేడమ్‌తో అలాగే చెప్పాను. పిట్ట రెండు వారాల కిందట వచ్చినట్టుందండీ అన్నాను.

మేడమ్ పట్టిక తెప్పించి, ఆ డిటోల వరుస మీద వేలు పెట్టి పైనుంచి కిందికి లాగారు. “నెల కిందట లేవు అని సంతకం పెట్టారు. ఇప్పుడు ఉంది అంటున్నారు. పైవాళ్ళకు నేను ఏ కాగితం చూపించి ఆపమనాలి? మూడు రోజులు ఆ చెట్టు దగ్గర కూర్చోండి. తెల్లారిన దగ్గర్నుంచి పొద్దుగూకే దాకా. ఏం కనబడితే అది, ఎన్ని గంటలకు కనబడితే అన్ని గంటలకు రాయండి. నేను రేపు వైజాగ్ మీటింగుకు వెళ్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం నేరుగా అక్కడికే వస్తాను. మీ నోట్సు చదివి ఆర్డరు రాస్తాను.” అని ఒక కొత్త నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి, “డిటోలు వద్దు” అన్నారు.

శుక్రవారం తెల్లవారుజామునే నేనూ మా బీట్ ఆఫీసరూ వెళ్ళి, చెట్టు కిందే టార్పాలిన్ పరుచుకుని కూర్చున్నాం. ఇద్దరం ఖాకీ బట్టల్లోనే. మూడు రాళ్ళు పెట్టి టీ కూడా కాచుకున్నాం. కాపలా అంటే మాకు తెలిసింది అదే మరి, దొంగ మమ్మల్ని చూసి పారిపోవాలి. ఏడయింది, ఎనిమిదయింది, పదయింది. మగపిట్ట జాడ లేదు. మా వాడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని దాని కూత కూశాడు. పిట్ట రాలేదు గానీ, పై మలుపులోంచి ఎవరో “ఎవలికేనా దెబ్బ తగిలిందేటండీ?” అని కంగారుగా అరిచారు.

నోటుపుస్తకంలో ‘ఉదయం ఆరు గంటలు: పక్షి రాలేదు’ అని రాశాను. ఏడు గంటల ఎదురుగా నా చెయ్యి దానంతటదే రెండు గీతలు పెట్టేసింది. డిటో. ఎనిమిదికీ డిటో. అలవాటు అంటే అదీ.

మధ్యాహ్నం మూడింటికి అడ్డాకులావిడ దిగొచ్చింది. పొయ్యి చూసింది, టార్పాలిన్ చూసింది, మా టోపీలు చూసింది. ఆవిడ మొహం ఎర్రబడింది.

“మీరు దాన్ని కాత్తన్నారా, ఆకలికి మాడ్చి సంపుతన్నారా? ఓలమ్మో! మగోడు తెల్లారగట్ల నుంచి అవతలి గెడ్డ నీళ్ళ కాడి జువ్వి సెట్టు మీద పండు నోట్లో పెట్టుకుని కూకునున్నాడు. మీరు కిందున్నారని రాట్లేదు. లోపల ఆడదానికి పొద్దున్నించి కూడు లేదు. లేవండి, బేగి లేవండి!”

పిట్టను కాపాడడానికని వచ్చి రోజంతా పస్తులుంచాం. పొయ్యి మీద నీళ్ళు పోసి, టార్పాలిన్ చుట్టుకుని, బడి వదిలిన పిల్లల్లా పరిగెత్తాం. ఆవిడ మమ్మల్ని రోడ్డుకు అవతల, వెదురు పొద వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అక్కడినుంచి తొర్ర చక్కగా కనబడుతుంది, మేం దానికి కనబడం. “రేపు ఆ కాకీ గుడ్డలు ఏసుకు రాకండి. ఈ బాబుని కూయొద్దనండి” అని చెప్పి వెళ్ళిపోయింది.

మేం పొద వెనక చేరి పావుగంట కాలేదు. పైన గాలిలో ఎవరో మూరలకొద్దీ గుడ్డ బలంగా దులుపుతున్న చప్పుడు. నల్లటి రెక్కలు, తెల్లటి పొట్ట, అంత ముక్కు. మగపిట్ట వచ్చి తొర్ర వాకిట్లో అతుక్కుపోయింది. మెడ ఆడిస్తూ గొంతులోంచి ఒక్కో పండూ తీసి సందులోంచి అందించింది. ఒకటి, రెండు, మూడు. నేను లెక్కపెడుతున్నాను. పంతొమ్మిది పళ్ళు! పక్కన మా బీట్ ఆఫీసరు గుసగుసగా, “మా ఆవిడ పురిటికెళ్ళినప్పుడు నాను ఒక్క మారైనా జంతికలు పట్టికెళ్ళలేదు సార్” అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

శనివారం మాసిన లుంగీల్లో వెళ్ళాం. ఆ రోజు నేను రాసినంత నా సర్వీసులో ఎప్పుడూ రాయలేదు. ఎన్ని గంటలకు వచ్చింది, ఎటు నుంచి వచ్చింది, తెచ్చింది జువ్వి పండా మేడి పండా, ఒకసారి బల్లిని తెచ్చింది, ఆడపిట్ట దాన్ని పుచ్చుకోవడానికి కాస్త బెట్టు చేసింది. అన్నీ రాశాను. రాయాలని చూస్తుంటే చూడ్డం పెరుగుతుంది, చూస్తుంటే రాయడానికి ఇంకా కనబడుతుంది. ఈ ముక్క ముప్పై ఏళ్ళ ముందు తెలిసుంటే నా డైరీలు కనీసం నేనైనా చదువుకునేవాణ్ణి. మా వాడు ఆ రోజు క్యారేజీ తిన్నాక కూడా నిద్రపోలేదు. అది కూడా ఒక విశేషంగా రాశాను.

ఆదివారం వచ్చింది. మేడమ్ మధ్యాహ్నానికి వస్తారు, చెట్టు కొట్టేది సోమవారం కదా అని నేను నిమ్మళంగా ఉన్నాను. పొద్దున్న తొమ్మిదింటికి కింద ట్రాక్టరు చప్పుడు వినబడింది. పదిమంది కూలీలు, తాళ్ళు, కోత మిషను. వాళ్ళ మేస్త్రి యలమంచిలి వైపు మనిషి. బండి దిగుతూనే పలకరించాడు. “సోమారం మా సెల్లెలి కూతురి పెళ్ళండి. అందుకని ఈ మలుపు పని ఇయ్యాలే తెముల్చుకుపోదామని వచ్చీసాం.”

మేడమ్‌కు ఫోన్ చేద్దామంటే ఆ మలుపులో సిగ్నలు ఉండదు. నా దగ్గర ఆపమనే ఆర్డరు లేదు. మేస్త్రి దగ్గర మాత్రం కాగితం ఉంది. చొక్కా జేబులోంచి తీసి మడత విప్పాడు. నా పట్టిక. నా డిటోలు. నా నిండు సంతకం.

“చెట్టు మీద పిట్ట గూడు పెట్టింది, ఆపాలి” అన్నాను.

“ఇందులో లేవని ఉంది కదండీ. సంతకం మీదే.”

“మేం రాశాక వచ్చింది పిట్ట. ఈమధ్యే.”

మేస్త్రి తెలివైనవాడు, మొరటువాడేం కాదు. నెమ్మదిగానే అన్నాడు. “ఈమజ్జనే వచ్చిందంటే ఇంకా గుడ్లో, గుడ్లు కూడా లేవో! మిషను సప్పుడుకి అదే లేచిపోద్ది లెండి. ఇంకో సెట్టు సూసుకుంటాది. పిల్లలుంటే నానే ముట్టుకోను.”

నేను నా పరువు కోసం చెప్పిన అబద్ధం తిరిగి తిరిగి వచ్చి ఆ చెట్టు మీదే పడింది. పిట్ట ఆలస్యంగా వచ్చిందంటే చెట్టు పోతుంది. పిట్ట ముందునుంచీ ఉందంటే నేను పోతాను. వెదురు పొద పక్కన అడ్డాకులావిడ నిలబడి నా నోటివంకే చూస్తోంది. మా బీట్ ఆఫీసరు చెప్పులవంక చూసుకుంటున్నాడు. కూలీల్లో ఒకడు అప్పటికే మిషను తాడు లాగడానికి చెయ్యి వేశాడు.

“ఆగండ్రా!” అన్నాను. నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది ఆ మాట. “పిట్ట శివరాత్రి వెళ్ళిన వారం నుంచీ లోపలే ఉంది. నేను ఈ కాగితం రాసేనాటికే ఉంది. ఈపాటికి లోపల పిల్లలుంటాయి.”

“మరి లేవని రాసినారేటండీ?”

“చూడలేదు.”

“సూడకుండానే సంతకం ఎట్టీసారా?”

“పెట్టేశాను. అరవై చెట్లకీ అలాగే పెట్టేశాను.”

కూలీలు పగలబడి నవ్వారు. నవ్వరా మరి! వాళ్ళను సంతకం లేదని, కాగితం లేదని ఎన్నిసార్లు నిలబెట్టి ఉంటానో. చెవులు కాలిపోయాయి నాకు. అయినా చిత్రంగా, గురువారం నుంచి ఛాతీ మీద కూర్చున్న బరువేదో దిగిపోయింది.

“గంట టైమివ్వు మేస్త్రీ. అందరం ఆ పొద వెనక కూర్చుందాం. పిల్లలున్నట్టు నీ కళ్ళకు కనబడకపోతే నీ ఇష్టం.” అన్నాను.

పద్నాలుగు మందిమి వెదురు పొద వెనక ఒకరి మీద ఒకరం కూర్చున్నాం. అడ్డాకులావిడే మా అందరికీ నాయకురాలు. బీడీ వెలిగించబోయినవాడి చేతిలోంచి అగ్గిపెట్టె లాగేసుకుంది. అరగంట గడిచింది. రెక్కల చప్పుడు వినబడింది. మగపిట్ట వచ్చి తాని చెట్టు పై కొమ్మ మీద వాలింది. నోట్లో ఎర్రటి పండు. ఒక్కో అడుగూ పక్కకు జరుగుతూ తొర్ర దాకా వచ్చింది. అప్పుడు మోగింది మేస్త్రి ఫోను. సిగ్నలు లేనిచోట ఫోనేమిటంటే, అది పొద్దున్న పదింటికి పెళ్ళివారికి చీరలు చేరాయో లేదో కనుక్కోవాలని ఆయన పెట్టుకున్న అలారం. దాని పాటకు డప్పులు కూడా ఉన్నాయి. పిట్ట పండుతో సహా లేచిపోయింది.

నా ప్రాణం పోయినంత పనయింది. మేస్త్రి ఫోనును పొట్టకేసి అదిమి పట్టుకుని బిక్కమొహం వేశాడు. అంతదాకా నవ్విన కూలీలే ఆయన మీద విరుచుకుపడ్డారు. “ఏటి మేస్త్రీ! ఆ మాత్రం ఆపుకోలేవేటి?” “దాని నోటికాడ కూడు సెడగొట్టీసావు!” మిషను తాడు పట్టుకున్నవాడైతే మరీను, “పోనీ నువ్వు ట్రాక్టరు కాడికి ఎల్లి కూకో మేస్త్రీ” అన్నాడు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. ఈ చెట్టిక పడదు అనుకున్నాను.

పది నిమిషాలకు మగపిట్ట మళ్ళీ వచ్చింది. తొర్ర వాకిట్లో వాలింది. పండు ముక్కు కొసన పెట్టి సందులోకి చాచింది. లోపలినుంచి ఆడపిట్ట ముక్కు వచ్చి అందుకుంది. ఆ వెంటనే తొర్రలోంచి సన్నగా, తెంపులేకుండా, గోలగోలగా కూత. ఒక గొంతు కాదు. ఆకలితో ఉన్న పిల్లలు ఎక్కడైనా ఒకటే కదా, ఎవరూ చెప్పనక్కర్లేకుండా అందరికీ అర్థమైంది.

మేస్త్రి చాలాసేపు తల దించలేదు. తర్వాత లేచి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “పురిటింటికి రంపం పట్టుకొచ్చినట్టయింది మా పని. పెళ్ళి పెట్టుకుని ఇలాటి పాపం నాకొద్దండి. మీ మేడమ్ గారేటంటే అదే సేత్తాను” అని ట్రాక్టరు వెనక్కి తిప్పించాడు. వెళ్తూ వెళ్తూ కూలీలు కూడా చెట్టు వంక చూసుకుంటూ, చప్పుడు చేయకుండా ఎక్కారు.

మేడమ్ మధ్యాహ్నం వచ్చారు. ముందు చెట్టు మొదట్లో గింజల గుట్ట చూశారు. మొలకల్ని వేలితో తట్టి చూశారు. “ఇది రెండు వారాల గుట్ట కాదు” అన్నారు.

“కాదండీ” అని మొత్తం చెప్పేశాను. గింజల మీద మా వాడు జారిపడడం, నా టోపీ మీద తొక్క పడడం, అన్నీ. ఆవిడ నోటుపుస్తకం తీసుకుని రోడ్డు పక్క రాయి మీద కూర్చుని చదివారు. మొదటి పేజీలో డిటోలు చూసి పెదవి బిగబట్టుకున్నారు గానీ ఆగలేదు, గట్టిగానే నవ్వేశారు. శనివారం పేజీలకు వచ్చేసరికి నవ్వు ఆగింది. బల్లి విషయం దగ్గర రెండుసార్లు చదివారు. “ఇంత బాగా రాయగలిగినవాళ్ళు ఇన్నేళ్ళూ ఏం చేశారండీ?” అని అడిగారు.

ముందు పిట్ట సంగతి చెప్పేస్తాను, లేకపోతే మీకు అన్నం సహించదు. మేడమ్ పని ఆపించారు. నా నోట్సు పైవాళ్ళ దాకా వెళ్ళింది. మే నెలాఖరులో ఒక పొద్దున్న ఆడపిట్ట బురద తలుపు పొడుచుకుని బయటకు వచ్చింది. పిల్లలు రెండు. రెండోది కొమ్మ మీద నిలబడి ఎగరనా మాననా అని గంటన్నర ఆలోచించింది. అంతసేపూ మా బీట్ ఆఫీసరు ఊపిరి బిగబట్టి, అది ఎగిరాక కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఇంజినీర్లు వచ్చి కొలుచుకుని, ఆ మలుపులో రోడ్డును అవతలి గట్టు వైపుకు జరిపారు. తాని చెట్టు ఇప్పటికీ ఉంది. నా నంబరు చుట్టూ బెరడు మూసుకొస్తోంది, నాలుగు అంకె చెరిగి ఒకటి మిగిలింది. నాకు మెమో కూడా వచ్చింది. ‘నిర్లక్ష్యముగా నమోదు చేసినందుకు’ మందలింపు. సర్వీసు పుస్తకంలో మరక పడింది. మా ఇంట్లో వాళ్ళకు నేనే చదివి వినిపించాను.

ఇక అసలు సంగతి. ఆ ఆదివారం మేడమ్ నోటుపుస్తకం మూసి, “ఈ చెట్టు సంగతి ఆవిడ చెప్పింది కాబట్టి తెలిసింది. మిగతా యాభై తొమ్మిదీ?” అని అడిగారు.

సోమవారం నుంచి మళ్ళీ ఒకటో నంబరు నుంచి నడక. ఈసారి ప్రతి చెట్టు కింద తలెత్తి, చుట్టూ తిరిగి చూశాం. రెండో రోజుకే మెడలు పట్టేశాయి. ఇంటికెళ్తే మా ఆవిడ ఇసక కాపడం పెడుతూ, ఉద్యోగంలో చేరినప్పుడు చూడాల్సిన చెట్లు ఇప్పుడు చూస్తున్నారా అంది. ఒక మద్ది చెట్టు మీద రెండు తేనెపట్లు, ఇంకోదాని మీద కొండ ఉడుత కట్టుకున్న ఆకుల గూడు కనబడ్డాయి. ఒక ఎండు కొమ్మ తొర్రలో గుడ్లగూబ మమ్మల్ని పనిలేనివాళ్ళను చూసినట్టు చూసింది. కొన్ని చెట్ల మీద నిజంగానే ఏమీ లేవు. అక్కడ ‘లేవు’ అని రాశాను. ఆ మాట అంత సంతోషంగా నేను ఎప్పుడూ రాయలేదు, ఎందుకంటే అప్పుడది నిజం.

అయితే ఒకటి నుంచి పన్నెండు దాకా చెట్లు లేవు. అప్పటికే కొట్టేశారు. మొదళ్ళు ఉన్నాయి, రంపపు పొట్టు ఉంది. నేను ఒక్కో మొదలు చుట్టూ తిరిగి నేల మీద గింజలున్నాయేమోనని కాలితో పొట్టు జరిపి చూశాను. లారీలూ ట్రాక్టర్లూ తొక్కేసిన నేల. ఏమీ తెలియడం లేదు. ఆకుల మోపుతో ఆవిడ వస్తుంటే ఆపి అడిగాను. “అమ్మా, వీటి మీద ఏమైనా ఉండేవా?” ఏమీ లేవు బాబూ అని ఆవిడ అంటే చాలు, నాకు ఆ రాత్రి నిద్ర పడుతుంది.

ఆవిడ మోపు దించకుండానే ఆ మొదళ్ళను ఒకసారి చూసింది. “నాను ఆకులు కోసేది పైనే కదా బాబూ, ఇక్కడ మోపెత్తుకుని తలొంచుకుని ఎల్లిపోడమే. సూడ్నిది ఎలా సెప్తాను?” అంది.

పట్టిక మోకాలి మీద పెట్టుకున్నాను. ఒకటో నంబరు ఎదురుగా పాత ‘లేవు’ కొట్టేసి, ‘చూడలేదు’ అని రాశాను. రెండో నంబరు ఎదురుగా ‘చూడలేదు’ అని రాశాను. పన్నెండు చెట్లకు పన్నెండుసార్లూ ఆ మాట పూర్తిగా రాశాను. ఒక్కచోట కూడా డిటో పెట్టలేదు.